సన్నతోలు నిమ్మకాయలు

నాకు కోపం ఎక్కువ. మా ఆయన చెప్పక్కర్లేదు, నేనే ఒప్పుకుంటాను. నోటికంటే ముందు చెయ్యి లేస్తుంది. ఇది మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

జగిత్యాల దగ్గర మా ఊళ్ళో, చాలులో కూలబడిన ఎద్దును లేపడానికి నాన్నకు ఒక పద్ధతి ఉండేది. ముందు ములుగర్రతో పొడిచేవాడు. లేవకపోతే తోక పట్టుకుని మెలిపెట్టేవాడు. అప్పటికీ లేవకపోతే తోకను పళ్ళ మధ్య పెట్టి కొరికేవాడు. ఎద్దు బొబ్బ పెట్టి లేచేది. నేను గట్టు మీద కూర్చుని సద్దిమూట విప్పుతూ అదంతా చూసేదాన్ని. నాకది మామూలు సంగతి. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడైన మా తమ్ముడికి మాత్రం మామూలు కాదు. ఒకరోజు వాడు పరిగెత్తుకెళ్ళి పడుకున్న ఎద్దు మీద బోర్లా పడి దాన్ని వాటేసుకున్నాడు. నాన్న అదే కర్రతో వాడి వీపు పగలగొట్టాడు. వాడు గుక్కపట్టి ఏడ్చాడు గానీ దిగలేదు. దెబ్బకు దెబ్బకు మధ్య తల తిప్పి నాన్న ముఖంలోకి చూశాడు. ఆ వాతలకు నేనే నూనె రాశాను.

ఆ తమ్ముడు పెద్దయ్యాక ఖతార్ వచ్చాడు. టమాటా తోటలో పని అని చెప్పి ఏజెంటు పంపాడు. విమానం దిగాక బండి ఎక్కించుకుని తీసుకెళ్ళింది ఒంటెల మజ్రాకు. మజ్రా అంటే తోట అంటారు గానీ అక్కడ పచ్చటిదేదీ లేదు. ఎడారిలో ఒక కంచె, ఒక రేకుల గది, నీళ్ళ ట్యాంకు, ముప్ఫై దాకా పరుగు ఒంటెలు. మా అమ్మ ఊళ్ళో అందరికీ "నా కొడుకు దుబాయ్‌ల ఉన్నడు" అని చెప్పుకునేది. అది ఖతార్ అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే.

అప్పటికే మేము ఆ దేశంలోనే అల్ ఖోర్‌లో కాపురం ఉంటున్నాం. మా ఆయనది కాకినాడ వైపు. హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం, తర్వాత ఆయనకు ఇక్కడి గ్యాస్ ప్లాంటులో ఉద్యోగం వచ్చింది. చమురూ గ్యాసూ పొంగిపొర్లుతున్న రోజులు. దోహా వెళ్ళిన ప్రతిసారీ వెస్ట్ బేలో మరో టవర్ లేచి ఉండేది. మా కంపెనీ కాలనీలో వారానికొక కొత్త కారు దిగేది. పక్కింటివాళ్ళు అడిగితే మా తమ్ముడు ఫారంలో సూపర్‌వైజర్ అని చెప్పేదాన్ని. ఒంటెల పేడ ఎత్తుతాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాడు మా ఇంటికి వచ్చినప్పుడు ముందు స్నానాల గదిలోకి పంపేదాన్ని, ఆ తర్వాతే కూర్చోమనేదాన్ని. అప్పుడు వాడి గురించి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా గురించి సిగ్గుపడుతున్నాను.

వాడు రెండు నెలలకోసారి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా ఒకే ఒంటె కబుర్లు. అది వాడి చేతుల్లో పుట్టింది. తల్లి పాలివ్వకపోతే వాడే సీసాతో పట్టి పెంచాడు. దానికేదో అరబ్బీ పేరు ఉంది గానీ వాడు "బిడ్డ" అనేవాడు. బిడ్డ ఇట్లా తిన్నది, బిడ్డ అట్లా అలిగింది, బిడ్డంత చక్కనిది ఇంకోటి లేదు అని. నేను నవ్వితే, "నవ్వకక్కా, నీ బిడ్డెంతనో నాకు అదంతే" అనేవాడు. ఆ బిడ్డకు ముందు ఎడమకాలి అరికాలు పగిలింది. ఫోన్‌లో ఫోటో తీసి చూపించాడు, వేలు దూరేంత పగులు. ఇసుక దూరి మానడం లేదన్నాడు. నేను నువ్వులనూనె, పసుపు కొని ఇచ్చేదాన్ని. వాడు రెండూ కలిపి గోరువెచ్చగా కాచి పగుళ్ళలో పోసి గోనెగుడ్డ కట్టేవాడు. నూనె అయిపోగానే ఫోన్ చేసేవాడు. ఎన్ని సీసాలు ఇచ్చానో నాకే గుర్తులేదు.

ఆ ఏడు చలికాలం మొదట్లో వాడి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"అక్కా, శుక్రారం పొద్దుగాల మీరందరు రావాలె. బిడ్డ మల్ల పందెంల దిగుతున్నది."

"ఒస్తంలే. మంచిగ ఉరుకుతదా?"

"ఉరుకుడు తర్వాతక్కా, ముందుగాల నిలవడాలె. రెండుసార్లు గేటు కాడనే కూసున్నది గద. ఇప్పుడు గిట్ల కూసుంటే ఖలాస్. ఉస్తాద్ కసాయోనికి మాట చెప్పి పెట్టిండు. ఆని బండి గేటు కాడనే ఉంటదట." మళ్ళీ వాడే అన్నాడు, "నువ్వొస్తే నాకు జర ధైర్నం."

ఉస్తాద్ అంటే ఆ మజ్రాలో ఒంటెలను పందేనికి తయారుచేసే ఫోర్‌మన్. ఉర్దూ మాట్లాడే మనిషి. మా తమ్ముడు ఆ మాటను మా నాన్న పేరెత్తినంత భయంగా ఎత్తేవాడు.

మా ఆయన వినగానే విసుక్కున్నాడు. "వారం మొత్తానికి నాకు శుక్రవారం ఒక్కటే నిద్ర. ఒంటె కోసం అదీ చంపేస్తావా?" అన్నాడు. "ఒంటె కోసం కాదు, నా తమ్ముడి కోసం" అన్నాను. కాదంటే ఏమవుతుందో ఆయనకు తెలుసు, అందుకని ఊరుకున్నాడు.

నాకు మాత్రం ఒక్కటే అనుమానం పట్టుకుంది. రెండుసార్లూ సరిగ్గా గేటు దగ్గరే కూలబడింది. మజ్రాలో బాగానే పరుగెత్తుతుంది, జనంలోకి రాగానే కాళ్ళు మడిచేస్తుంది. అంత చక్కని దానికి, అంతమంది కళ్ళ మధ్య దిష్టి తగలకుండా ఉంటుందా? మా ఇంట్లో ఏది కొత్తగా బయలుదేరినా నిమ్మకాయలు తొక్కించి కదిలించడం అలవాటు. రెండు నెలల క్రితం కొన్న మా తెల్లటి పెద్దకారుకూ అదే చేశాం. నాలుగు చక్రాల కింద నాలుగు కాయలు పెడితే మా ఆయన ముందుకు నడిపాడు, నాలుగూ ఠపఠపా చితికాయి. ఈ చెత్త ఎవరు ఊడుస్తారని కాలనీ వాచ్‌మన్ గొడవకు వస్తే నేను వాణ్ణి వాయించి పంపాను. ఆ రోజు నుంచీ బండికి గీత పడలేదు.

గురువారం దోహా వెళ్ళి ఉమ్ ఘువైలినాలో మేము ఎప్పుడూ సరుకులు కొనే కొట్టులో నిమ్మకాయలు ఏరాను. అల్ ఖోర్‌లో దొరికేవి దొడ్డుతోలువి, రాయిలా ఉంటాయి, తొక్కితే జారతాయి తప్ప చితకవు. చితకకపోతే దిష్టి పోయినట్టు కాదు. సన్నతోలువి, వేలితో నొక్కితే రసం చిమ్మేవి నాలుగు ఏరి సంచిలో వేసుకున్నాను.

శుక్రవారం తెల్లవారగానే బయలుదేరాం. దారంతా మా ఆయన రోడ్డు మీద వెళ్ళే ప్రతి లారీనీ తిడుతూనే ఉన్నాడు. నేను ఆయన్ని తిడుతూ ఉన్నాను. వెనక సీట్లో మా అమ్మాయి, దానికప్పుడు ఏడేళ్ళు, అన్నీ వింటూ కూర్చుంది. ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, మామ ఒంటె కూర్చుంటే నిజంగా కోసేస్తారా? బిర్యానీ చేస్తారా?"

నేను వెనక్కి తిరిగి చెంప మీద ఒక్కటిచ్చాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ చెప్పలేను. నేను మనసులో అణిచిపెట్టిన మాటను అది పైకి అనేసింది, అంతే. మా ఆయన బండి పక్కకు తీసి ఆపేశాడు.

"చిన్నపిల్ల తెలీక అడిగితే కొడతావా? నువ్వు మనిషివేనా?"

"మనిషిని కాదు. బండి నడపండి."

నా వేళ్ళు దాని బుగ్గ మీద ఎర్రగా తేలాయి. అలాగే పందెం మైదానం చేరాం.

దూరం నుంచి చూస్తే అదేదో జాతరలా ఉంది. దగ్గరికి వెళ్ళాక జాతర కాదని తెలిసింది. ఒంటెలన్నీ ఒక్కసారిగా అరుస్తున్నాయి. ఆ అరుపు గొంతులోంచి వచ్చేది కాదు, కడుపులోంచి తోడుకుని వచ్చేది. మూతులకు చిక్కాలు కట్టారు, చిక్కాల్లోంచి తెల్లని నురగ కారి పనివాళ్ళ భుజాల మీద పడుతోంది. ఒక్కో ఒంటెను ఇద్దరు ముగ్గురు పట్టుకుని లాగుతున్నారు. చిక్కం ఊడిన ఒకటి తన పనివాడి మోచెయ్యి కొరికితే వాడు దాని ముక్కు మీద పిడికిలితో గుద్దాడు. నెత్తురు వాడిదో దానిదో తెలియలేదు. ప్రతి ఒంటె మూపు మీదా ఒక చిన్న యంత్రం కట్టి ఉంది, దానికి రంగు చొక్కా, టోపీ. మనిషి బదులు అదే జాకీ. దాని పక్కనుంచి ఒక కొరడా వేలాడుతుంటుంది. యజమాని పక్కదారిలో కారు నడిపిస్తూ చేతిలో మీట నొక్కితే ఆ కొరడా గిర్రున తిరిగి ఒంటెను బాదుతుంది. మేము వెళ్ళేసరికి అందరూ మీటలు నొక్కి చూసుకుంటున్నారు. నాలుగు వైపులా టపటపా కొరడాల చప్పుడు. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. పొద్దున కొట్టిన చెయ్యే కదా, అయినా దాన్నే పట్టుకుంది.

గేటుకు కొంచెం అవతల చెక్కల కటకటాలు కట్టిన చిన్న లారీ ఒకటి ఆగి ఉంది. లోపల ఖాళీ. డ్రైవరు కాలు మీద కాలు వేసుకుని చాయ్ తాగుతున్నాడు. దాన్ని చూశాక మా ఆయన విసుగు మానేశాడు.

తమ్ముడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. వాడి పక్కన ఆ బిడ్డ. వాడు అబద్ధం చెప్పలేదు. తేనెరంగు ఒళ్ళు, సన్నని కాళ్ళు, కాటుక పెట్టినట్టున్న కళ్ళు. మిగతావన్నీ అరుస్తుంటే అది ఒక్కటే నోరు మూసుకుని వణుకుతోంది. వాడు దాని మెడ కింద నిమురుతూ ఏదో చెబుతున్నాడు. మేము దగ్గరికి వెళ్ళేలోపలే అది ముందు కాళ్ళు మడిచి కూలబడింది.

ఉస్తాద్ ఎక్కడున్నాడో పరిగెత్తుకొచ్చాడు. చేతిలో బెత్తం. ఒక్కమాట మాట్లాడకుండా దాని మెడ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. తొడ మీద, పొట్ట మీద, మోకాలి మీద. ఒంటె కదల్లేదు, దెబ్బ పడిన చోట చర్మం మాత్రం వణికింది. తమ్ముడు మధ్యలోకి దూరి దాని మెడ చుట్టూ చేతులు వేశాడు. ముప్ఫై ఏళ్ళు దగ్గరపడుతున్న మనిషి, అచ్చం ఆ ఎద్దు మీద పడుకున్నట్టే ఉన్నాడు. ఉస్తాద్ బెత్తం ఆపలేదు. తమ్ముడి భుజం మీద, చెవి మీద నాలుగైదు పడ్డాయి. వాడు దెబ్బలు తింటూనే ఒంటె చెవిలో, "లే బిడ్డా, లేవు తల్లీ, నా మాటిను, లేవకుంటే చంపుతరే" అంటున్నాడు. అది మెల్లగా లేచింది.

ఉస్తాద్ గేటు వైపు చూపించి, "ఇంకోసారి కూర్చుందంటే లారీలోకే" అని ఉర్దూలో అని యజమాని కారు దగ్గరికి వెళ్ళాడు. నాకు దొరికిన సమయం అదే.

"తమ్మీ, దీనికి దిష్టి తాకింది. నాలుగు నిమ్మకాయలు తెచ్చిన. కాళ్ళ కింద పెడుత, తొక్కిచ్చి గేట్లకు తోలు."

"అక్కా, ఉస్తాద్ చూస్తే?"

"ఎంతసేపురా? మా బండికి పెట్టినట్టే. జల్ది అయితది."

వాడు లారీ వైపు చూశాడు. ఒంటె వైపు చూశాడు. "పెట్టు" అన్నాడు.

ఎన్నిసార్లు తలుచుకున్నా నేను ఇక్కడే ఆగిపోతాను. నూనె కొన్నది నేను. పసుపు ఇచ్చింది నేను. వేలు దూరేంత పగులు ఫోటోలో చూసి అయ్యో పాపం అన్నదీ నేనే. ఆ క్షణంలో నాకు అదేదీ గుర్తురాలేదు. నా కళ్ళకు ఒంటె కాలు కనపడలేదు, బండి చక్రం కనపడింది. వాడికి గుర్తొచ్చిందో లేదో తెలియదు. గుర్తొచ్చినా అక్క మాట కాదనలేదేమో. నేను ఎన్నడూ అడగలేదు.

ఇసుకలో నాలుగు కాయలు పెట్టి కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను. తమ్ముడు తాడు పట్టుకుని ముందుకు నడిపించాడు. కుడికాలి కింద మొదటి కాయ చితికింది. ఏమీ కాలేదు. ఎడమకాలి కింద రెండోది చితికింది.

అది పెట్టిన కేక లాంటిది నేను అంతకు ముందు వినలేదు, ఆ తర్వాత వినకూడదని కోరుకున్నాను. ముందు కాళ్ళు రెండూ ఎత్తి గాల్లోకి లేచింది. తాడు తమ్ముడి చేతుల్లోంచి జారుతూ అరచేతుల తోలు ఊడదీసుకుపోయింది. దాని మోకాలు తగిలి వాడు ఎగిరి ఇనుప రాటకు కొట్టుకున్నాడు. కనుబొమ్మ చీలి ముఖం మీద నెత్తురు జారింది. ఒంటె ఎడమకాలు నేలకు ఆనించలేక మూడు కాళ్ళ మీద గిరగిరా తిరుగుతోంది. ఆరేడుగురు బెత్తాలతో మీద పడ్డారు. ఎవరికి దొరికిన చోట వాళ్ళు కొట్టారు. ఒకడు చెవి పట్టుకుని వేలాడాడు. మా ఆయన అమ్మాయిని చంకనేసుకుని బండి వైపు పరిగెత్తాడు. నేను కదల్లేకపోయాను. నా చేతులు ఇంకా దండం పెట్టినట్టే ఉన్నాయి.

వాళ్ళు దాన్ని అలాగే కొడుతూ, లాగుతూ గేటు ముందుకు చేర్చారు. గేటుకు అడ్డంగా కట్టిన వల పైకి లేచింది.

అన్ని ఒంటెలకంటే ముందు అది దూకింది. కాలు నేల మీద ఆనితే మంట, ఆనకపోతే పడిపోతుంది, అందుకని నేలను ముట్టీ ముట్టనట్టు ఎగురుతూ పోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా కేరింతలు కొట్టారు. మా ఆయన హారన్ కొట్టి పిలిచాడు. నేను పరిగెత్తి బండెక్కాను.

మైదానం పక్కదారిలో యజమానుల కార్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. వాటి వెనక చూడ్డానికి వచ్చినవాళ్ళ కార్లు, వాటి మధ్య మేము. ఒకరినొకరు రాసుకుంటూ, హారన్లు మోగిస్తూ పోతున్నారు. మా కొత్త బండికి పక్కవాడి అద్దం తగిలి ఇంతపొడుగు గీత పడింది. ఎప్పుడూ మెల్లగా నడిపే మా ఆయన ఆ రోజు పిచ్చెక్కినట్టు నడిపాడు. మా ఒంటె అందరికంటే ముందుంది. యజమాని మీట నొక్కుతుంటే దాని మీద కొరడా గిరగిరా తిరుగుతోంది. వెనకనుంచి ఒక నల్లటి ఒంటె దగ్గరికొచ్చింది.

"కొట్టు! కొట్టవయ్యా! వచ్చేస్తోంది వెనకాల!" అని మా ఆయన స్టీరింగ్ మీద గుద్దుతూ అరిచాడు.

నేను ఆయన్ని తప్పుపట్టలేను. నేనూ అరిచాను. కిటికీలోంచి సగం బయటికి వంగి, గొంతు చించుకుని, కొట్టు కొట్టు అని అరిచాను. అది గెలిస్తే లారీ ఖాళీగా వెళ్ళిపోతుంది, నా తమ్ముడి బిడ్డ బతుకుతుంది, నాకు అదొక్కటే కనిపించింది. కొరడా తగిలిన ప్రతిసారీ నా ఒంట్లో ఏదో పొంగింది. అబద్ధమెందుకు, ఆ పొంగు నాకు బాగుంది. వెనక సీట్లో మా అమ్మాయి చెవులు మూసుకుని, "ఆపమనండి నాన్నా, ఆపమనండి" అని ఏడుస్తూనే ఉంది.

బిడ్డ నాలుగోదిగా వచ్చింది. అది పూర్తిచేసిన మొదటి పందెం అదే. యజమాని ముసలాయన, మంచి మనిషిలాగే కనిపించాడు, కారు దిగి చేతులు చాచి నవ్వుతున్నాడు.

మేము చేరేసరికి తమ్ముడు ఎలా వచ్చాడో ముందే వచ్చి ఒంటెను పడుకోబెట్టాడు. తలకు కట్టుకున్న గుడ్డే కనుబొమ్మకు అడ్డంగా బిగించుకున్నాడు. తోలు లేచిన చేతులతో సీసాలోని తాగే నీళ్ళు పోసి దాని ఎడమకాలు కడుగుతున్నాడు. ఉస్తాద్ వచ్చి పక్కన నిలబడ్డాడు. వాడి చేతిలో చితికిన నిమ్మచెక్క ఒకటి ఉంది, గేటు దగ్గర ఏరుకొచ్చాడు.

"యే క్యా హై బే? జాదూ కియా?" అన్నాడు.

తమ్ముడు తలెత్తలేదు. ఉస్తాద్ వాడి జుట్టు పట్టి తల పైకెత్తి చెంప మీద కొట్టాడు. చేతబడి చేశావా, ఎవరు చెప్పారు, ఎవరు ఇచ్చారు అని ఒక్కో ప్రశ్నకు ఒక్కో దెబ్బ. మూడో దెబ్బ సరిగ్గా చీలిన కనుబొమ్మ మీద పడింది. తమ్ముడు నన్ను చూశాడు. రావద్దని తల అడ్డంగా ఊపాడు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. "వెళ్ళకు. ఇక్కడ చేతబడి అంటే జైలే. మన వీసాలు పోతాయి, పిల్లదాని చదువు పోతుంది, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చెయ్యి విడిపించుకుని, చెప్పు తీసి, వెళ్ళి ఉస్తాద్ ఛాతీ మీద కొట్టాను. చుట్టూ ఉన్నవాళ్ళంతా బిగుసుకుపోయారు. వాడు బెత్తం ఎత్తాడు గానీ ఆడమనిషినని ఆగాడు. ఆ బెత్తం ఇప్పుడు మళ్ళీ తమ్ముడి మీదికే వెళుతుందని నాకు తెలిసిపోయింది. జాదూ అన్న ఆ ఒక్క మాట వాడి మీద నుంచి తీసేయాలి. నాకు వచ్చిన హిందీలో గట్టిగా అరిచాను.

"జాదూ నహీ హై! దాని పాదం పగిలింది, చూడు! నిమ్మరసం పడి మండింది, అందుకే పరిగెత్తింది, అంతే! జాదూ కాదు, మంట!"

ఉస్తాద్ బెత్తం దించాడు. వంగి ఒంటె ఎడమకాలు ఎత్తాడు. పగుల్లో బొటనవేలు పెట్టి నొక్కాడు. అది మెడ నేలకేసి కొట్టుకుంటూ అరిచింది. వాడు వేలు తీసి వాసన చూశాడు. నాకేసి చూశాడు. అప్పుడు వాడి ముఖం మారింది. మెల్లగా నవ్వు మొదలైంది.

"వాహ్ బెహన్, వాహ్" అన్నాడు.

వెళ్ళి యజమానికి అరబ్బీలో ఏదో చెప్పాడు. ఆయన కడుపుబ్బ నవ్వి, కారులోంచి ఖర్జూరాల డబ్బా తీసి మా అమ్మాయి చేతికిచ్చాడు. ఉస్తాద్ తిరిగొచ్చి, ఇంతకుముందు తను కొట్టిన చెంపనే ప్రేమగా తట్టి, తమ్ముడికి ఒక సిగరెట్ ఇచ్చాడు. చెక్కల లారీ డ్రైవరు గ్లాసు కింద పారేసి, ఖాళీ బండిని వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

"హమ్మయ్య, బతికింది" అన్నాడు మా ఆయన.

నేనూ అదే అనుకున్నాను. అనుకుంటూ తమ్ముడి వైపు చూశాను. వాడు నవ్వడం లేదు. ఒంటె పాదం రెండు చేతుల్లో పట్టుకుని, తల తిప్పి నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆ చూపు నాకు కొత్తది కాదు. ఎద్దు మీద పడుకుని నాన్నను చూసిన చూపు అది. నేనేం చెప్పానో, ఎవరికి చెప్పానో అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత రెండు వారాలు వాడు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. మూడో వారం నువ్వులనూనె పెద్దసీసా కొని, వేరేవాళ్ళ ఫోన్‌లోంచి చేశాను. ఎత్తాడు.

"నూనె కొన్న తమ్మీ. ఎట్ల పంపాలె?"

"నూనె వద్దక్కా."

"కాలు మానిందా?"

"నూనె రాస్తే మానుతది. మానితే ఉరుకది. ఉరుకకుంటే ఆ లారీ మల్లొస్తది." వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "మొన్న పందెంల రెండోదిగ ఒచ్చింది. ఉస్తాద్ ఇప్పుడు నిమ్మరసంల కారం సుత కలుపుతుండు."

నూనె సీసా పక్కన పెట్టాను. అప్పుడు అడిగాను.

"ఎవలు రుద్దుతున్నరురా?"

"నేనే. ఇంకెవ్వలు ముట్టుకున్నా అది కాలు ఇస్తలేదు. నేనడిగితే ఇస్తది."

నేను ఏడుస్తున్నానని వాడికి తెలిసే ఉంటుంది. ఊళ్ళో అమ్మ గురించి అడిగాడు, మేనకోడలి చదువు గురించి అడిగాడు. పెట్టేసే ముందు అన్నాడు.

"అక్కా, ఈడ దొరికేటియన్ని దొడ్డుతోలుయి. రసం ఒస్తలేదని ఉస్తాద్ నన్ను కొడ్తుండు. నువ్వు ఆనాడు తెచ్చినసోంటివి దొరుకుతే చూడు."

ఆ చలికాలమంతా ప్రతి గురువారం ఉమ్ ఘువైలినా వెళ్ళి, వేలితో నొక్కి చూసి, సన్నతోలువి ఏరి తెచ్చి నేనే ఇచ్చాను.